పైకి చేసిన ప్రార్థన

నేను ప్రార్థన మొదలుపెడితే పక్కింట్లో కుక్కరు విజిల్ కూడా వినపడదని మా అమ్మ అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. అబద్ధమేమీ కాదు. పుత్తూరులో మా రేకుల షెడ్డు మందిరంలో పదమూడో ఏటనే నన్ను ముందుకు పిలిచి ప్రార్థన చేయమనేవారు. కళ్ళు మూసుకుంటే చాలు, మాట వెనక మాట దానంతటదే వచ్చేది. ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడు, ఎవరి బోరులో నీళ్ళు పడలేదు, అన్నీ పేరుపేరునా ప్రభువు ముందు పెట్టేదాన్ని. పుస్తకం చూసి ప్రార్థన చేసేవాళ్ళంటే నాకు నవ్వు. కన్నతండ్రితో మాట్లాడడానికి ఎవడైనా కాగితం చూసుకుంటాడా అనేదాన్ని.

అట్లాంటి నన్ను తెచ్చి శ్రీకాళహస్తిలో పుస్తకం గుడివాళ్ళింట్లో ఇచ్చారు.

మా అత్తగారి వాళ్ళ చర్చిలో ఆరాధన మొత్తం అచ్చేసి ఉంటుంది. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి, పాస్టరు ఏమనాలి, దానికి మనం ఏమని బదులు చెప్పాలి, అంతా పుస్తకంలో ఉన్నదే. మా మామగారు దొరస్వామి అక్కడ ఉపదేశి. అంటే పాస్టరు గారు పక్క ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఆరాధన జరిపేది ఆయనే. అంతకుముందు ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో గేట్‌మ్యాను. మా ఆయన గుణశేఖర్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఈ విషయంలో ఆయనది ఏ పక్షమూ కాదు. మా మందిరంలోనూ కునుకు తీస్తాడు, వాళ్ళ చర్చిలోనూ తీస్తాడు.

ఇది నిరుటి లెంటు కాలం సంగతి. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై శ్రమదినాల్లో మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. రోజుకొక ఇంట్లో సాయంత్రం ఆరున్నరకు కూటం పెడతారు. ఆ ఇంటివాళ్ళు చాపలు పరిచి, ఉడికించిన శనగలు, టీ ఇస్తారు. ఒక పాట, కొంచెం వాక్యం, పుస్తకంలోని ప్రార్థనలు, ఆఖరున ఒక్కరు సొంత మాటలతో చేసే ప్రార్థన. ఆ ఆఖరుది పధ్నాలుగేళ్ళుగా నాదే. పుస్తకం పుస్తకమే అంటూనే, "సుజనా, నువ్వు సెయ్యమ్మా" అని అందరూ నావైపే తిరిగేవారు. అది నాకు ఇష్టంగానే ఉండేది.

లెంటు మొదలయ్యే భస్మ బుధవారం నాడు కూటాల జాబితా పట్టుకుని మామగారు ఇంటికొచ్చారు. నేను మిషను మీద కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగు.

"ఏం మామా, ఈ ఏడూ అవే ముక్కలేనా?" అన్నాను. "ఏండ్ల తరబడి అక్షరం తప్పకుండా అదే చదివితే దేవునికి విసుగు రాదా?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "సుజనమ్మా, గేటు ఏసినాక స్టేషన్ మాస్టరుతో ఫోన్లో నంబరు మాట్లాడుకోవల్ల. ఆయన ఏ నంబరు ఇస్తే నేను ఆ నంబరే తిరిగి సెప్పల్ల. దానికి నా కవిత్వం తగిలిచ్చినాననుకో, యాడనో ఒక లారీ రైలుకింద పడతాది."

"రైలూ ప్రార్థనా ఒకటేనా?"

"యూదుల్ని సూడు. పొద్దన, మద్దేన్నం, మాపున, మూడు పూటలా కుదిరిచ్చి పెట్టిన ప్రార్థనలే. మన ప్రభువు పెరిగింది అట్లాంటి ఇంట్లోనే. సిలువ మింద అంత నొప్పిలో గూడా ఆయన నోటికొచ్చింది సిన్నప్పుడు నేర్చుకున్న కీర్తనే. కొత్తగా అల్లినాడా?"

నేను ఊరుకునే మనిషినా? "ఆ యూదుల్లోనే హన్నా ఉండాది కదా మామా! బిడ్డల్లేరని గుడికి పోయి, కడుపులో ఉండేదంతా దేవుని ముందర కుమ్మరిచ్చింది. ఏ పుస్తకం చూసింది ఆయమ్మ? తాగొచ్చినాదనుకున్నాడు మీ మాదిరి యాజకుడొకాయన!"

ఆయన నవ్వారు. "హన్నా కత ఇంకోతూరి సదువు" అని కళ్ళజోడు పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. నేను గెలిచాననే అనుకున్నాను.

*

రెండో శనివారం నా ఆడబిడ్డ రూపశ్రీ జాకెట్టు కొలతలకు వచ్చి నిలబడింది. ఈస్టరుకు మాలో అందరం తెల్లబట్టలు కడతాం.

రూపశ్రీకి ముప్పై ఒకటి. శ్రీసిటీలో ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ లైనుకు సూపర్‌వైజరు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. పెళ్ళి మాటెత్తితే, "నాకు తోచినప్పుడు చెప్తాలే" అని నవ్వి తప్పుకుంటుంది. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి తను ఇంటరు చదువుతోంది. అత్తగారు అప్పటికే లేరు. తన జడ వేసింది నేనే, తొలి జీతం తెచ్చి చేతిలో పెట్టింది నాకే. కోపమొస్తే గొంతు పెంచదు, మాట నెమ్మదిస్తుంది. దానికే మేమందరం భయపడతాం.

టేపు చాతీ చుట్టూ తిప్పి బిగించాను. ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏందే?"

"ఏం లేదు. కొలత రాసుకో."

ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ కొలతలు తీస్తున్నాను. ఏ ఉలికిపాటు సిగ్గో, ఏది నొప్పో నాకు తెలియదా? టేపు మెడలో వేసుకుని తలుపు దగ్గరికి వేశాను. "నాకు చెప్పవా?" అన్నాను.

మిషను చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ తిప్పింది. తర్వాత అంది: "గడ్డ ఉండాది వదినా. మొన్న బుధవారం సెలవు పెట్టి తిరుపతికి పోయి స్కానింగ్ చేయించుకున్నా. సూదితో ముక్క తీసినారు. రిపోర్టు వచ్చే శుక్రవారం ఇస్తారంట."

కుర్చీ పట్టుకున్నాను.

"ఎవురికీ చెప్పొద్దు. చెప్తే ఇంక అందరి కండ్లూ ఈడనే ఉంటాయి." చేత్తో చూపించింది. "బస్సులో, లైన్లో, చర్చిలో. నేను మనిషిని కాకుండా పోతా. ఒట్టి గడ్డనై పోతా."

"నేనెవురికి చెప్తానే? మాటిస్తా ఉండా, చెప్పను."

"ప్రార్థన మాత్రం చెయ్యి" అంది. అప్పుడు తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కొలత పూర్తి చేసి రాసుకున్నాను.

*

ఆ మంగళవారం కూటం జ్ఞానమ్మ ఇంట్లో. జాబితాలో పన్నెండో ఇల్లు, స్వర్ణముఖి ఏటి వైపు పోయే సందులో. గదిలో, వరండాలో కలిపి ముప్పై అయిదు మంది దాకా ఉన్నారు. ఫ్యాను ఉక్కపోతనే తిప్పుతోంది. మామగారు గోడకానుకుని పుస్తకంలోని ప్రార్థనలు చదివారు. జ్ఞానమ్మ నావైపు తిరిగి, "సుజనా, ఇంగ నువ్వమ్మా" అంది.

మూడు రోజులుగా ఆ గడ్డ నా గొంతులోనే ఉన్నట్టుంది. వంట చేస్తున్నా అదే, కుడుతున్నా అదే. కళ్ళు మూసుకున్నాను. వానల కోసం ప్రార్థించాను. జ్ఞానమ్మ ఇంటి కోసం, వాళ్ళ అల్లుడి ఉద్యోగం కోసం ప్రార్థించాను. తర్వాత నోరు నా చేతిలో లేదు. మా మందిరంలో అట్లా అవడం గొప్ప సంగతి. ఆత్మ నడిపిస్తోంది అంటారు. ఎప్పుడూ దాన్ని ఆపుకోవాలని అనుకోలేదు, ఆపుకోవడం నేర్చుకోనూ లేదు.

"ప్రభువా, మా ఇంటి బిడ్డ రూపశ్రీని చూడు. ఆమె రొమ్ములో ఉన్న గడ్డను నీ చేత్తో ముట్టు తండ్రీ. శుక్రవారం వచ్చే రిపోర్టును నువ్వే రాయి. తల్లి లేని బిడ్డ ప్రభువా, నా చేతుల్లో పెరిగిన బిడ్డ..."

ఏడ్చాను. నాతోపాటు సగం మంది ఏడ్చారు. అంత బాగా నేను ఎప్పుడూ ప్రార్థన చేయలేదు. ముందు ఆ మాటే చెప్పాలి, ఎందుకంటే ఆ నిమిషంలో నాకు కలిగిన తృప్తి నిజం.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి గుమ్మం దగ్గర, చెప్పుల మధ్య రూపశ్రీ నిలబడి ఉంది. మెడలో కంపెనీ ట్యాగు ఇంకా తీయలేదు. ఓవర్‌టైము చేసి, బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది.

ముప్పై అయిదు మంది ఒక్కసారిగా తనవైపు తిరిగారు. ముఖం వైపు కాదు.

జ్ఞానమ్మ లేచి వెళ్ళి తన చెంపలు నిమిరింది. మంచి మనిషే, ఎవరికి కష్టమొచ్చినా ముందుండేది ఆమే. "ఏ పక్కమ్మా?" అని అడిగింది.

రూపశ్రీ చున్నీ ముందుకు లాక్కుంది. "వస్తా పెద్దమ్మా" అని నెమ్మదిగా అని, చెప్పులేసుకుని మెట్లు దిగింది. మామగారు తలెత్తలేదు. పుస్తకం మూసి, మధ్యలో వేలు పెట్టుకుని అట్లాగే కూర్చున్నారు. ఎవరో శనగలు పంచడం మొదలుపెట్టారు.

ఇంటికి వెళ్ళేసరికి రూపశ్రీ బట్టలు సర్దుకుంటోంది.

"నేను మనుషులెవురికీ చెప్పలేదే రూపా. దేవునికి చెప్పినా!" అన్నాను. అప్పటికీ నేను దాన్నే నమ్ముతున్నాను.

"దేవునికి చెవుడు లేదు వదినా." మాట బాగా నెమ్మదించింది. "నువ్వు దేవునికి చెప్పలా. దేవుని మింద పెట్టి ఊరికి చెప్పినావు."

నాకు రోషం వచ్చింది. "నీ కోసమే కదే ఏడ్చింది!"

"ఏడ్చినావు. బాగా ఏడ్చినావు. అందరూ మెచ్చుకున్నారు."

సంచీ జిప్పు లాగింది. మర్నాటి నుంచి ఫ్యాక్టరీ దగ్గరున్న తడలో స్నేహితురాలి గదిలో ఉంటానని వాళ్ళన్నకు చెప్పింది. నాకు చెప్పలేదు.

*

శుక్రవారం రిపోర్టు వచ్చింది. మేము భయపడిందే. చిన్నదిగా ఉన్నప్పుడే దొరికింది, నెలలోపు ఆపరేషన్ చేస్తే పోతుంది అన్నారట. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం అయ్యాక మంగళవారానికి రోజు ఇచ్చారు. రూపశ్రీ ఇదంతా మా ఆయన ఫోనుకు మెసేజీ పెట్టింది. ఆఖరు వాక్యం ఇది: ఆపరేషన్‌కు నాయన వస్తే చాలు, వదిన రావద్దు.

నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కన్నతల్లి లేని పిల్ల కత్తి కిందికి వెళ్తుంటే పక్కన ఉండాల్సింది నేను. నన్నే రావద్దంది.

పోనీ ఊరైనా ఊరుకుందా? వారం రోజులు మా ఇంటి ముందు గది సంతే. కూటాలకొచ్చే సుబ్బులమ్మ ప్రార్థించిన నూనె సీసా తెచ్చింది. ఒకామె ఏదో ఆకు నూరి తాగించమని ఆకుతో సహా వచ్చింది. ఇంకొకామె, "టయానికి పెండ్లి సేసుండుంటే ఇట్లా వచ్చిండదు" అని నా స్టూలు మీదే కూర్చుని నా టీ తాగుతూ అంది. ఆమె జాకెట్టు గుడ్డ మడిచి ఆమె చేతిలో పెట్టి, "వేరే టైలరును చూసుకోండి" అన్నాను. ఆమె తప్పేముంది? తలుపు తెరిచింది నేను.

అన్నిటికన్నా జ్ఞానమ్మ చెప్పింది నన్ను కోసేసింది. ఆమె అల్లుడిదీ రూపశ్రీదీ ఒకే కంపెనీ బస్సు. "మా అల్లుడు బంగారం సుజనా. బుధవారం పొద్దన బస్సులో మీ రూపను సూసి లేసి సీటిచ్చినాడంట. ఆ పిల్లే కూసోలేదు, అంతదూరం నిలబడే పోయిందంట" అంది మెచ్చుకోలుగా.

ఆ ఆదివారం పాస్టరు గారు లేరు. మామగారే ఆరాధన జరిపారు. మొదట్లో అందరం కలిసి చదివే పాపపు ఒప్పుకోలు ఉంటుంది. తలపులతో, మాటలతో, చేతలతో చేసిన తప్పులన్నీ అందులోకి వస్తాయి. పధ్నాలుగేళ్ళుగా, పప్పులో తాలింపు మాడిందా లేదా అని ఆలోచించుకుంటూ చదివిన ముక్క అది. 'మాటలతో' అనే చోటికి వచ్చేసరికి నా నోరు పెగల్లేదు. ఎప్పుడో ఎవరో నాకోసమే రాసి పెట్టినట్టుంది. పక్కనున్న వాళ్ళు చదువుకుంటూ ముందుకు వెళ్ళిపోయారు, నేను అక్కడే ఆగిపోయాను.

తర్వాత రోగుల కోసం ప్రార్థన వచ్చింది. అది ప్రతివారం మామగారే చదువుతారు. ఒక వాక్యం చదివి ఆగిపోయారు. ఆయన అక్కడ ఎప్పుడూ ఆగుతారు. కళ్ళజోడు సరిగ్గా లేకనో, ఊపిరి అందకనో అనుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు వెనకాల కూర్చుని నవ్వాను కూడా. ఆ రోజు చాలా సేపు ఆగారు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. కళ్ళజోడుతో ఇబ్బంది ఏమీ లేదు.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఆయన కిటికీలు మూస్తుంటే నేను గడియలు పెడుతూ వెంట నడిచాను.

"మామా, ఆ ప్రార్థన దగ్గర ఎందుకు ఆగిపోతారు?"

"ఆగిపొయ్యేది కాదుమ్మా. అది సోటు." ఇంకో కిటికీ మూశారు. "ఉపదేశి ట్రైనింగులో మాకు పాఠం సెప్పిన అయ్యగారు అంటా ఉండె. యూదుల ప్రార్థనలో రోగుల కోసరం ఒక వరస ఉంటాదంట. ముక్కలన్నీ ముందే కుదిరిచ్చినవే గానీ, ఆడికొచ్చినప్పుడు ఎవురి మనిషి పేరు వాళ్ళు మెల్లింగా కలుపుకోవచ్చంట. అది నాకు నచ్చె. నేనూ ఆడ ఆగి పేర్లు పెడతా ఉండా."

"ఎవురి పేర్లు?"

"అందరివీ. వాడు తాగతా ఉన్నెప్పుడు గుణశేఖరు పేరు రెండేండ్లు పెట్టినా. మీ పాప పుట్టక ముందర నీకు రెండుతూర్లు కడుపు నిలవలేదు సూడు, అప్పుడు నీ పేరు పెట్టినా."

నేను గడియ మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాను. ఆ రెండుసార్ల సంగతి ఈ ఇంట్లో మా ఆయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. పన్నెండేళ్ళలో మామగారు ఒక్క మాట అడగలేదు. ఒక్క చూపు తేడాగా చూడలేదు.

"రూపశ్రీ పేరు ఎప్పుడు పెట్టినారు?"

"స్కానింగుకు పొయ్యే ముందర ఆదివారం. నాయనకు సెప్పకుండా ఎట్ల పోతాది?"

అంటే నాకన్నా ముందే ఆయనకు తెలుసు. పన్నెండో ఇంట్లో నేను ఏడుస్తుంటే పుస్తకంలో వేలు పెట్టుకుని కూర్చున్న మనిషికి అంతా తెలుసు. ఎండిపోయిన పుస్తకం మనిషి అని ఆయన్ని చూసి ఎన్నేళ్ళు నవ్వానో నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"హన్నా కత సదివినావా?" అన్నారాయన.

"నాకు రాని కథా మామా అది?"

"పెదవులు కదిలినాయి. గొంతు ఇనపడలా. అందుకే గదా ఆ యాజకుడు తాగొచ్చినాదనుకునింది. కడుపులో ఉండేదంతా కుమ్మరిచ్చింది, నిజమే. పక్కనుండే మనిషికి ఒక్క ముక్క ఇనపడనీలేదు. యూదులు ఈ పొద్దుటికీ ఆయమ్మను సూసే అట్ల పెదవులతో ప్రార్థన సేస్తారంట."

నావైపు వకీలుగా ఇన్నాళ్ళూ హన్నానే నిలబెట్టుకున్నాను.

ఆఖరు కిటికీ దగ్గర ఆయన బల్ల మీద కూర్చున్నారు. కోపంగా లేరు, అలిసిపోయి ఉన్నారు. "నీ ప్రార్థన తప్పని నేనెప్పుడూ అనలేదు సుజనమ్మా. నాకు రాదు, అంతే. మీ అత్త పొయ్యే రోజు నా సెయ్యి పట్టుకోని, 'పుస్తకం వద్దు, నీ నోటితో ఏదన్నా ఒక మాట అడుగు దేవుణ్ణి' అనింది. నాకు ఒక్క మాట రాలా. గూట్లో ఉండే పుస్తకం తెచ్చేలోపల పోయింది."

తాళం వేసుకుని ఇంటికి నడిచాం.

*

నాకు కాళ్ళు పట్టుకుని బతిమాలడం రాదు. కుట్టడం వచ్చు.

మెత్తటి నూలుగుడ్డ తెచ్చి మూడు చొక్కాలు కుట్టాను. ముందరంతా తెరుచుకుని నాడాలతో కట్టుకునేవి. ఆ ఆపరేషన్ అయినవాళ్ళు కొన్నాళ్ళు చెయ్యి పైకి లేపలేరని నా దగ్గర కుట్టించుకునే ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. ఎవరి కోసమని ఆమె అడిగింది. "ఒకరికి" అన్నాను. ఆ ఒక్క మాట దగ్గర ఆగడానికి నేను ఎంత కష్టపడ్డానో నన్ను తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం బస్సెక్కి తడకు వెళ్ళాను. షిఫ్టు బస్సు ఆగేచోట టీ బంకు పక్కన నిలబడ్డాను. మూడు దాటాక బస్సు వచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. రూపశ్రీ దిగి, నన్ను చూసి ఆగింది. ముఖంలో ఏమీ లేదు.

"ఏంది?" అంది.

సంచీ ఇచ్చాను. "ముందర తెరుచుకుంటాయి. చెయ్యి లేపే పని లేదు."

అంతకుమించి ఒక్క మాట అనకూడదని దారంతా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. క్షమాపణకు కూడా నా దగ్గర పెద్ద పెద్ద మాటలున్నాయి. అవి మొదలైతే ఆగవు, ఏడుపొస్తుంది, బంకు దగ్గరున్న వాళ్ళంతా చూస్తారు. పెదవులు కరుచుకుని నిలబడ్డాను.

తను ఒక చొక్కా బయటికి తీసి కుట్లు రెండు చేతులతో లాగి చూసింది. ఫ్యాక్టరీలో ఫోన్లను కూడా అట్లాగే చూస్తుందేమో. "ఈ పక్క వదులుగా ఉండాది" అంది.

"గాయానికి తగలకూడదని వదిలినా."

మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకుంది. బంకు వైపు తలూపింది. "టీ తాగుతావా?"

తాగాం. గ్లాసు కింద పెట్టాక, నావైపు చూడకుండానే, "మంగళవారం పొద్దన ఆరున్నరకు. నాయనతో రా. అక్కడ నోరు తెరిచినావంటే పంపించేస్తా" అంది.

నేను తలూపాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాళహస్తి దాకా ఏడుస్తూనే వచ్చాను. అది ఎవరూ మెచ్చుకునే ఏడుపు కాదు.

*

మంగళవారం తిరుపతి ఆసుపత్రిలో రూపశ్రీకి పచ్చ గౌను వేసి మంచం మీద పడుకోబెట్టారు. మామగారు సంతకాలు పెట్టడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళారు. నా ఫోను మోగింది. జ్ఞానమ్మ.

"సుజనా, ఈడ పది మందిమి మోకాళ్ళ మింద ఉండాము. డాక్టరు ఏమన్నాడు? అంతా తీసేస్తారా, సగమేనా? ఏ పక్కనో సెప్తే దానికోసరం ప్రత్యేకంగా ప్రార్థన సేస్తాము."

"ప్రార్థన చెయ్యండి పెద్దమ్మా, మీ మేలు మరిచిపోను" అన్నాను. "ఏ పక్కనో ఆ దేవునికి తెలుసు." ఫోను కట్టేసి సంచీ అడుగున పడేశాను.

తిరిగి చూస్తే రూపశ్రీ నన్నే చూస్తోంది.

"వదినా, ఇట్లా రా" అంది.

వంగాను. తన చెయ్యి చల్లగా ఉంది. నా మెడ చుట్టూ వేసి, దగ్గరికి లాక్కుని, చెవిలో ఒక మాట చెప్పింది. నిదానంగా, పూర్తిగా చెప్పింది. గడ్డ సంగతి కాదు. అంతకన్నా పెద్దది. అయిపోయాక నా ముఖంలోకి చూసింది. నేను ఏమీ అనలేదు, ఆమెన్ కూడా అనలేదు. తన నుదుటి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ట్రాలీ వచ్చింది, తీసుకుపోయారు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ, దాని చుట్టూ కొంచెం తీసేశారు. ఈస్టరు రోజు తెల్ల జాకెట్టు బదులు నేను కుట్టిన నాడాల చొక్కా వేసుకుని చర్చిలో మొదటి వరసలో కూర్చుంది. ఒకరిద్దరు అటే చూస్తే తను తిరిగి వాళ్ళ కళ్ళలోకి చూసింది. వాళ్ళే తల తిప్పుకున్నారు. మందులు, రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడం, జుట్టు రాలడం, మళ్ళీ రావడం, అన్నీ వానాకాలం దాకా నడిచాయి. కార్తీకం నాటికి లైనులోకి వెళ్ళింది. ఇప్పుడు పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు తనదే, ఎవరూ లేచి ఇచ్చింది కాదు.

నేనేమో ఇప్పటికీ గట్టిగానే ప్రార్థన చేస్తాను. దేవుడిచ్చిన గొంతును ఎందుకు దాచుకోవాలి? వానల కోసం, పరీక్షల కోసం, ఊరి మంచి కోసం కుక్కరు విజిల్ వినపడనంతగా అడుగుతాను. ఎవరైనా నా చెవిలో వేసింది మాత్రం నోటిదాకా రానివ్వను. ఈ ఏడు లెంటు కూటాల్లో ఒక సాయంత్రం మామగారు పుస్తకం మూసేసి, సొంతంగా మూడు ముక్కలు ప్రార్థన చేశారు. తడబడ్డారు, మధ్యలో ఒక మాట మరిచిపోయారు. నేను అందించబోయి ఆగిపోయాను.

ఈ కథ రాస్తానని రూపశ్రీని అడిగితే రెండు రోజులు ఆలోచించి సరేనంది. రాసింది చదివింది. రెండుచోట్ల కొట్టేయించింది. "చెవిలో చెప్పిన ఆ మాట యాడన్నా రాసినావేమో అని చూసినా" అంది.

రాయలేదు. మా ఆయన వారం రోజులు అడిగి అలిసిపోయాడు. వార్డులో ఎవరో చూసి చెప్పారట, జ్ఞానమ్మ ఏడాదిగా అడుగుతూనే ఉంది. మీరూ అడగొద్దు.